నల్లగుడ్డు అంచున సిరా చుక్క

శుక్లాల ఆపరేషన్ రోజు కొందరిని నేరుగా థియేటర్లో బల్ల మీద పడుకోబెట్టరు. ముందు స్టూలు మీద నిటారుగా కూర్చోబెడతారు. తల వాల్చకండి, ఎదురుగా దూరంగా ఉన్న గుర్తునే చూడండి అంటారు. కన్ను మొద్దుబారే మందు చుక్కలు వేశాక డాక్టరు సన్నటి పెన్ను తీసుకుని నల్లగుడ్డు ముగిసి తెల్లగుడ్డు మొదలయ్యే అంచున నీలిసిరా చుక్కలు పెడతారు. గడియారంలో మూడు గంటలు ఉండే చోట ఒకటి, తొమ్మిది దగ్గర ఒకటి, ఒక్కోసారి ఆరు దగ్గర ఇంకొకటి. పక్క బెంచీ మీద కూర్చున్న ఆవిడకు మాత్రం ఈ చుక్కలు ఉండవు. "ఆమెకు లేనిది నాకెందుకు?" అని చాలామందికి అనుమానం వస్తుంది. అడగడానికి మొహమాటపడి ఊరుకుంటారు.

అడగాల్సిన ప్రశ్నే అది. మనిషి వెల్లకిలా పడుకోగానే కన్ను తన గుంటలో కాస్త తిరుగుతుంది. చాలామందిలో ఆ తిరుగుడు రెండు మూడు డిగ్రీలకు మించదు, కొందరిలో పది డిగ్రీలు కూడా దాటుతుంది. మామూలు శుక్లం ఆపరేషన్‌కు దీనితో పనిలేదు. కానీ శుక్లంతో పాటు కంటి ముందుభాగమైన కార్నియా వంపులోని తేడాను కూడా అదే బల్ల మీద సరిచేయాలనుకుంటే, కూర్చున్నప్పుడు ఏది నిలువో ఏది అడ్డమో పడుకున్నాక కూడా డాక్టరుకు తెలిసి తీరాలి. ఆ చుక్కలు అందుకే.

కార్నియా వంపులో తేడాను డాక్టర్లు ఆస్టిగ్మాటిజం అంటారు. కళ్లజోడు చీటీలో దీని కొలతకు ‘సిలిండర్’ అనే గడి ఉంటుంది, దీని దిశకు పక్కనే ‘యాక్సిస్’ అని ఇంకో గడి ఉంటుంది. జీవితంలో పదిసార్లు కళ్లజోడు మార్చినవాళ్లు కూడా ఆ రెండు గడుల్లో ఏం రాశారో చూసి ఉండరు. చత్వారం తెలుసు, దూరపు చూపు తెలుసు, మైనస్ ప్లస్ తెలుసు. సిలిండర్ సంగతి మాత్రం చీటీ రాసిన మనిషికీ అద్దం అరగదీసిన మనిషికీ మధ్యనే ఉండిపోతుంది.

కంటికి ముందు, వాచీ మీద గాజులా, పారదర్శకంగా ఉండే గోపురమే కార్నియా. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. కంట్లో పడే వెలుతురును వంచి లోపలి తెర మీదికి చేర్చే పనిలో మూడింట రెండు వంతులు దీనిదే. మిగిలిన వంతు నల్లగుడ్డు వెనక ఉండే సహజమైన లెన్సుది. కార్నియా క్రికెట్ బంతిలా అన్ని వైపులా ఒకే వంపుతో ఉంటే చిన్న దీపం లోపల చిన్న చుక్కగానే పడుతుంది. చాలామందిలో అది అలా ఉండదు. కోడిగుడ్డును అడ్డంగా పట్టుకుని చూస్తే ఈ తేడా తెలుస్తుంది. పొడుగు వైపు వంపు తాపీగా సాగిపోతుంది, నడుము చుట్టూ వంపు చప్పున తిరిగిపోతుంది. కార్నియా ఇలా ఉన్నప్పుడు ఒక దిశలో వచ్చిన వెలుతురు ముందే కలుసుకుంటుంది, దానికి అడ్డంగా వచ్చింది ఇంకొంచెం వెనక కలుసుకుంటుంది. చుక్క పడాల్సిన చోట గీత పడుతుంది. నిలువు గీతలు తేటగా కనిపిస్తుంటే అడ్డగీతలు అలుక్కుపోతాయి, లేదంటే ఇది తిరగబడుతుంది. రాత్రిపూట ఎదురుగా వచ్చే లారీ దీపానికి తోకలు మొలుస్తాయి. బస్సు బోర్డు మీద ‘ప’ ఏదో ‘వ’ ఏదో పోల్చుకోలేక, చెయ్యెత్తేలోగా బస్సు వెళ్లిపోతుంది.

ఈ తేడాను డయాప్టర్లలో కొలుస్తారు. అర డయాప్టర్ ఉన్నవాళ్లకు అది ఉన్నట్టే తెలియదు. ఒకటి దాటితే తెలుస్తుంది. శుక్లం ఆపరేషన్‌కు వచ్చేవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి కార్నియాలో ఒక డయాప్టర్, అంతకు మించిన తేడా ఉంటుందని యూరప్‌లో వేల కళ్లను కొలిచి చేసిన లెక్కలు చెబుతున్నాయి. అది అరుదైన జబ్బు కాదు, ముక్కు వంకరలాంటి సర్వసాధారణమైన సంగతి.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, శుక్లం ఈ తేడాను దాచేస్తుంది. లెన్సు తెల్లబడి అంతా మంచు పట్టినట్టు కనిపిస్తున్నప్పుడు, ఆ మసకలో ఎంత భాగం శుక్లానిదో ఎంత భాగం కార్నియాదో మనిషికి తెలియదు. ఆపరేషన్‌లో మసకబారిన లెన్సును తీసేసి గుండ్రటి కృత్రిమ లెన్సును పెడతారు. మంచు తొలగిపోతుంది. గోడ తెల్లగా, ఆకు పచ్చగా కనిపిస్తుంది. వారం పోయాక ఇంటాయన అంటాడు: "వెలుగైతే వచ్చింది గానీ అక్షరాలు ఆనడం లేదు." ఆపరేషన్ చెడిపోయిందని ఇంట్లోవాళ్లు బెంగపడతారు. నిజానికి ఆపరేషన్ చక్కగా అయింది. కార్నియా మాత్రం ఎప్పటిలాగే కోడిగుడ్డు వంపుతోనే ఉంది.

పాత కళ్లజోడు చీటీలో ఉన్న సిలిండర్ చూసి కార్నియాలో ఎంత తేడా ఉందో తేల్చడానికి వీల్లేదు. ఇంగ్లండులో థామస్ యంగ్ అనే శాస్త్రవేత్త ఈ సంగతిని తన కన్ను మీదే ప్రయోగం చేసి 1801లోనే చూపించాడు. తన చూపులో అడ్డానికీ నిలువుకూ తేడా ఉందని ఆయన గమనించాడు. నీళ్లు నింపిన చిన్న గొట్టాన్ని కంటికి ఆనించుకుని చూశాడు. నీళ్లలో కార్నియా వంపుకు బలం పోతుంది. అయినా తేడా అలాగే ఉంది. అంటే దోషం కార్నియాది కాదు, వెనకున్న లెన్సుదని తేలింది. అటువంటి మనిషికి ఈరోజు శుక్లం ఆపరేషన్ చేస్తే, లెన్సుతో పాటే సిలిండర్ కూడా పోతుంది. ఇంకొకరిలో ఇది తలకిందులుగా ఉంటుంది. కార్నియా దోషాన్ని లెన్సు దోషం ఇన్నాళ్లూ సరిపెడుతూ వచ్చి ఉంటుంది. అటువంటివాళ్ల కళ్లజోడులో సిలిండరే ఉండదు, ఆపరేషన్ తర్వాత కొత్తగా బయటపడుతుంది. అందుకే పాత చీటీ ఎలా ఉన్నా ఆపరేషన్‌కు ముందు కార్నియాను విడిగా కొలవాలి.

యంగ్ తర్వాత పాతికేళ్లకు కేంబ్రిడ్జిలో జార్జ్ ఎయిరీ అనే ఖగోళవేత్త తన ఎడమ కంటికి నక్షత్రం చుక్కలా కాక గీతలా కనిపించడం పట్టుకుని, లెక్కలు వేసి, ఒక ముఖం ఒక దిశలో మాత్రమే వంపు తిరిగిన అద్దం చేయించుకున్నాడు. అది 1825. సిలిండర్ కళ్లద్దాల కథ అక్కడ మొదలైంది. అద్దాన్ని కంటి ముందు పెట్టుకోవడం సరే. కంటినే సరిచేయడం ఎలా?

దానికి జవాబు ఒక గాయం నుంచి దొరికింది. పాతరోజుల్లో శుక్లం తీయాలంటే కార్నియా అంచున పది పన్నెండు మిల్లీమీటర్ల పెద్ద కోత పెట్టేవారు. కుట్లు బిగువైతే కార్నియా ఒక దిశలో గుంజుకుని వంపు పెరిగేది, వదులైతే చదునయ్యేది. శుక్లం పోయేది, బదులుగా పెద్ద సిలిండర్ వచ్చి కూర్చునేది. 1885లో నార్వే డాక్టరు యాల్మర్ షియట్స్ దగ్గరకు అలాంటి రోగి వచ్చాడు. శుక్లం తీసిన కంట్లో 19.5 డయాప్టర్ల తేడా. షియట్స్ ఎక్కువ వంపున్న దిశలోనే కార్నియా అంచున మూడున్నర మిల్లీమీటర్ల కోత పెట్టాడు. నాలుగు నెలలకు ఆ తేడా 7 డయాప్టర్లకు దిగింది. కోత పెట్టిన దిశలో కార్నియా చదునవుతుంది. అంతకు ముందే 1869లో, చూపు పరీక్ష పట్టికకు తన పేరు మిగిల్చిన హాలండ్ డాక్టరు స్నెలెన్ ఇలా చేయవచ్చని ఊహించి రాశాడు. షియట్స్ చేసి చూపించాడు. గాయం తెచ్చిన దోషాన్ని గాయమే తగ్గించిందన్నమాట.

అయితే ఈ జ్ఞానం మామూలు శుక్లం రోగికి చేరడానికి వందేళ్లు పట్టింది. ముందు మరో రెండు మలుపులు రావాల్సి వచ్చింది. 1949 నవంబర్ 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి కంట్లో కృత్రిమ లెన్సు పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల ప్లాస్టిక్ అద్దం ముక్కలు గుచ్చుకున్న పైలట్ల కళ్లలో ఆ ప్లాస్టిక్ ముక్కలు ఏళ్ల తరబడి చీము పట్టకుండా ఉండిపోవడం ఆయన చూశాడు. ఆ జాతి ప్లాస్టిక్‌తోనే లెన్సు చేయించాడు. మొదటి రోగికి శుక్లం పోయింది, లెన్సు నిలిచింది, కానీ పెద్ద మైనస్ పవరూ దానితో పాటు పెద్ద ఆస్టిగ్మాటిజమూ మిగిలాయి. రెండో మలుపు 1967లో అమెరికాలో వచ్చింది. పళ్ల డాక్టరు దగ్గర అల్ట్రాసౌండ్ పరికరంతో పళ్లు శుభ్రం చేయించుకుంటూ కంటి డాక్టరు చార్లెస్ కెల్మన్‌కు తట్టిన ఆలోచన, శుక్లాన్ని లోపలే పొడిచేసి పీల్చేసే ఫేకో పద్ధతి అయింది. అంత పెద్ద కోత కాస్తా క్రమంగా రెండు మూడు మిల్లీమీటర్ల గంటుగా మారింది. కుట్ల అవసరం పోయింది. కొత్త సిలిండర్‌ను తెచ్చిపెట్టే ఆపరేషన్ కాస్తా, ఉన్న సిలిండర్‌ను తీసేయగల ఆపరేషన్‌గా మారింది.

ఇప్పుడు డాక్టరు చేతిలో మూడు దారులున్నాయి.

మొదటి దారికి పైసా అదనపు ఖర్చు లేదు. ఎలాగూ కోత పెట్టాలి కాబట్టి, ఆ కోతను ఎక్కువ వంపున్న వైపు పెట్టడమే ఆ దారి. ఫేకోలో గంటు చిన్నది కాబట్టి ఫలితమూ చిన్నదే, అర డయాప్టర్ లోపు. మన జిల్లా ఆస్పత్రుల్లోనూ ఉచిత శిబిరాల తర్వాతా ఎక్కువగా జరిగే కుట్లు లేని చేతి ఆపరేషన్‌లో మాత్రం ఈ దారికి చాలా విలువ ఉంది. అందులో తెల్లగుడ్డు మీద ఆరేడు మిల్లీమీటర్ల సొరంగం లాంటి కోత పెడతారు. 2005లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీలో వచ్చిన ఒక అధ్యయనం ఈ కోతను మూడు చోట్ల పెట్టి పోల్చి చూసింది. కంటికి పైన పెడితే సగటున 1.28 డయాప్టర్ల తేడా వచ్చింది. కణత వైపు పెడితే 0.37, పైకీ కణతకూ మధ్య పెడితే 0.20. అదే కత్తి, అదే లెన్సు, అదే ఖర్చు. మారిందల్లా డాక్టరు కూర్చునే చోటు. బీదవాడి కంటికి ఆస్టిగ్మాటిజం సరిచేయడం గురించి ఆలోచించాలంటే ఈ లెక్క దగ్గరే మొదలుపెట్టాలి. ఖరీదైన లెన్సుల మాట ఆ తర్వాతిది.

దీనికి వయసు సంగతి కూడా తోడవుతుంది. పడుచు వయసులో చాలామంది కార్నియాకు నిలువు దిశలో వంపు ఎక్కువ. యాభై అరవై దాటేసరికి అది మెల్లగా తిరిగి అడ్డదిశలో వంపు పెరుగుతుంది. శుక్లాలు వచ్చే వయసూ ఇదే. అడ్డదిశలో వంపున్న పెద్దాయనకు కణత వైపు కోత పెడితే కొంత తేడా అదే తగ్గుతుంది. పైన పెడితే ఉన్నది కాస్తా పెరుగుతుంది.

రెండో దారి షియట్స్ చూపించినదే, ఇంకా సున్నితంగా. కార్నియా అంచున, ఎక్కువ వంపున్న దిశలో, ఒకటో రెండో చంద్రవంక గంట్లు పెడతారు. అవి లోపలికి దిగిపోయే గంట్లు కావు, కార్నియా మందంలో ఎక్కువ భాగం వరకూ వెళ్లి ఆగిపోతాయి. వజ్రపు అంచున్న చిన్న కత్తితో చేసేవారు, ఇప్పుడు కొన్నిచోట్ల లేజర్‌తో చేస్తున్నారు. ఒక డయాప్టర్, ఒకటిన్నర డయాప్టర్ వరకు పనికొస్తుంది. మానేటప్పుడు ఒక్కో కార్నియా ఒక్కోలా మానుతుంది కాబట్టి అనుకున్నంత ఫలితం అచ్చంగా వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు.

మూడో దారి టోరిక్ లెన్సు. ఇప్పుడు ఎక్కువ మాట్లాడేది దీని గురించే.

కృత్రిమ లెన్సులోనే రెండు దిశల్లో రెండు రకాల పవరు చెక్కితే దాన్ని టోరిక్ అంటారు. కార్నియాలోని తేడాకు సరిగ్గా ఎదురుగా దీన్ని నిలబెట్టాలి. 1992లో జపాన్‌లో కిమియా షిమిజు బృందం ఇటువంటి లెన్సును మొదటగా పెట్టింది. అప్పటి లెన్సు గట్టిది కాబట్టి పెద్ద కోత కావాల్సి వచ్చింది. మడతపెట్టి చిన్న గంటులోంచి పంపగల టోరిక్ లెన్సుకు 1998లో అమెరికా అనుమతి దొరికింది. ఇప్పుడు మన దేశంలోని కంపెనీలు కూడా వీటిని తయారు చేస్తున్నాయి.

పెద్ద తేడాలకు టోరిక్‌ను మించిన దారి లేదు. కానీ అది కచ్చితమైన చోట నిలబడాలి. మామూలు గుండ్రటి లెన్సు లోపల ఎటు తిరిగినా నష్టం లేదు. టోరిక్ లెన్సు ఒక్క డిగ్రీ తిరిగితే దాని పనిలో నూటికి మూడు వంతులకు పైగా పోతుంది. గోడగడియారంలో ఒక నిమిషం గీతకూ తర్వాతి గీతకూ మధ్య దూరం ఆరు డిగ్రీలు. అంత తప్పితే ఐదో వంతు ఫలితం పోయినట్టే. పది డిగ్రీలకు మూడో వంతు. ముప్పై డిగ్రీలు, అంటే ఐదు నిమిషాల మేర తిరిగితే టోరిక్ పెట్టినా పెట్టకపోయినా ఒకటే. అంతకు మించితే, పెట్టకపోతేనే బాగుండేది. మొదట్లో చెప్పిన సిరా చుక్కలకు అంత విలువ ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. పడుకున్నప్పుడు కన్ను తిరిగే ఆ కొద్ది డిగ్రీలు లెక్కలోకి తీసుకోకపోతే, కొన్న ఫలితంలో కొంత థియేటర్లోనే పోతుంది. పెద్ద ఆస్పత్రుల్లో ఇప్పుడు పెన్నుకు బదులు, కూర్చున్నప్పుడు తీసిన కంటి ఫొటోలోని రక్తనాళాల గుర్తులతో మైక్రోస్కోపులోనే గీత చూపించే యంత్రాలు వచ్చాయి. జాగ్రత్తగా పెట్టిన చుక్క కూడా అదే పని చేస్తుంది.

లెన్సును లోపల పాత లెన్సు ఉండిన పలుచటి సంచిలో కూర్చోబెడతారు. దాని అంచున ఉండే చిన్న చుక్కలను అనుకున్న గీత మీదికి తెస్తారు. ఆపరేషన్‌లో వాడిన జిగురుమందు లెన్సు వెనక మిగిలిపోతే అది జారుతుంది. పొడుగాటి కళ్లలో, అంటే ఎక్కువ మైనస్ పవరు ఉన్నవాళ్లలో, సంచి పెద్దది కాబట్టి తిరిగే అవకాశం ఇంకాస్త ఎక్కువ. తిరిగితే సాధారణంగా మొదటి రోజే, అందులోనూ మొదటి కొన్ని గంటల్లోనే తిరుగుతుంది. అందుకే టోరిక్ పెట్టించుకున్నవాళ్లు మర్నాటి పరీక్షకు తప్పక వెళ్లాలి, కనుపాపను పెద్దది చేసి లెన్సు ఎక్కడుందో చూస్తారు. ఎక్కువ తిరిగి ఉంటే ఒకటి రెండు వారాల్లో తిరిగి సరిచేయవచ్చు. ఆలస్యమైతే సంచి లెన్సును పట్టుకుని బిగుసుకుంటుంది, అప్పుడు కదపడం కష్టం.

ఇంత శ్రమా కొలత సరిగ్గా ఉంటేనే ఫలిస్తుంది. ఖరీదైన లెన్సు గురించి అరగంట మాట్లాడి కొలత గురించి ఒక్క ముక్కా మాట్లాడకపోవడం చాలాచోట్ల జరుగుతున్న పొరపాటు. కార్నియా మీద కన్నీటి పొర ఎండిపోయి ఉంటే యంత్రం ఉదయం ఒక అంకె, సాయంత్రం ఒక అంకె చూపిస్తుంది. పెద్దవయసు వాళ్లలో కన్ను పొడిబారడం మామూలే. ముందు కొన్ని వారాలు చుక్కలు వాడి మళ్లీ కొలవాలి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు కొలతకు ముందు మానేయాలి, మెత్తటివైతే కనీసం వారం, గట్టివైతే ఇంకా ఎక్కువ. లేకపోతే ఆ లెన్సు ఒత్తిన ఆకారాన్నే యంత్రం కొలుస్తుంది.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. ఎండలో, దుమ్ములో బతుకంతా గడిపే రైతులకు, కూలీలకు, సముద్రం మీదికి వెళ్లే మత్స్యకారులకు ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదికి కండ పాకుతుంది. డాక్టర్లు దాన్ని టెరీజియం అంటారు. అది పాకిన వైపు కార్నియాను చదును చేసి పెద్ద సిలిండర్‌ను పుట్టిస్తుంది. కండను అలాగే ఉంచి కొలిచి, ఆ కొలతతో టోరిక్ పెడితే, రేపు కండ తీసినప్పుడు లెక్కంతా తప్పుతుంది. ముందు కండ తీసి, కార్నియా కుదురుకునే దాకా ఒకటి రెండు నెలలు ఆగి, అప్పుడు కొలవాలి. "రెండుసార్లు ఎందుకు తిప్పుతారు, ఒకేసారి చేసేయండి" అని పనులు పోతున్న మనిషి అడగడంలో తప్పు లేదు. ఎందుకు తిప్పుతున్నారో చెప్పాల్సిన బాధ్యత ఆస్పత్రిది.

కొలతలో ఇంకో లోపాన్ని ఈమధ్య వరకూ పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కార్నియాకు ముందు వైపే కాదు, వెనక వైపూ వంపు ఉంటుంది. పాత యంత్రాలు ముందు వైపే కొలిచి వెనకది లెక్కలేదన్నట్టు వదిలేసేవి. అమెరికాలో హ్యూస్టన్‌కు చెందిన డగ్లస్ కాక్ బృందం 2012లో, వెనక వైపు సగటున 0.3 డయాప్టర్ల తేడా ఉంటుందనీ, అది ఎక్కువమందిలో ఒకే పద్ధతిలో ఉంటుందనీ చూపించింది. దాన్ని వదిలేస్తే నిలువు వంపు ఉన్నవాళ్లకు అవసరానికి మించి, అడ్డవంపు ఉన్నవాళ్లకు అవసరం కన్నా తక్కువ సరిచేసినట్టవుతుంది. కళ్లు తెరిపించిన సంగతి అది. ఇప్పటి లెక్కింపు పద్ధతులు, ముఖ్యంగా ఆస్ట్రేలియా డాక్టరు గ్రాహం బారెట్ సూత్రం, ఈ వెనక వంపును కలుపుకునే పనిచేస్తాయి.

అందరికీ టోరిక్ కుదరదు. దెబ్బతగిలి మచ్చ పడ్డ కార్నియా, కోనులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ ఉన్న కార్నియా, వీటిలో వంపు ఒక పద్ధతిలో ఉండదు. పద్ధతి లేని వంపుకు పద్ధతి ఉన్న లెన్సు సరిపోదు. లెన్సు సంచిని పట్టుకునే సన్నటి దారాలు బలహీనంగా ఉన్నా, సంచి చిరిగినా టోరిక్ మీద ఆశపెట్టుకోలేం. షుగర్ వల్లనో వయసు వల్లనో లోపలి తెర మధ్యభాగం దెబ్బతిన్నవాళ్లకు సిలిండర్ పూర్తిగా తీసేసినా ఆశించినంత చూపు రాదు. అర డయాప్టర్, ముప్పాతిక డయాప్టర్ తేడా ఉన్నవాళ్లకు సాధారణంగా దాని అవసరం ఉండదు. టోరిక్ వద్దని చెప్పిన డాక్టరు, పెట్టమని చెప్పిన డాక్టరంత మేలు చేసినవాడే కావచ్చు.

ఆస్పత్రుల్లో కౌన్సెలింగ్ బల్ల దగ్గర ఇంకో గందరగోళం రోజూ జరుగుతుంది. టోరిక్ వేరు, మల్టీఫోకల్ వేరు. టోరిక్ సిలిండర్‌ను తీస్తుంది, అంతే. దూరం తేటగా కనిపించేలా పెట్టిన మామూలు టోరిక్ తర్వాత పేపరు చదవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి చత్వారం కళ్లజోడు కావాలి. మల్టీఫోకల్ దూరాన్నీ దగ్గరనూ రెండింటినీ చూపించాలని చూస్తుంది. కానీ కార్నియాలో సిలిండర్ మిగిలి ఉంటే అది సరిగా పనిచేయదు, రెండు దూరాలూ మసకే అవుతాయి. మల్టీఫోకల్ కావాలనుకునేవాళ్లు సిలిండర్ సంగతి ముందు తేల్చుకోవాలి. "ఖరీదైన లెన్సు వేయించాం, మళ్లీ కళ్లజోడు ఏమిటి?" అని బాధపడే కుటుంబాలకు ఈ రెండు ముక్కలు ఎవరో ముందే చెప్పి ఉంటే సరిపోయేది.

కళ్లజోడును ఓటమిగా చూడడం కూడా మానాలి. 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పెద్ద సర్వే చేసింది. హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించారు. నూటికి 1.84 మంది అంధులుగా తేలారు. వారిలో నూటికి 44 మందికి కారణం శుక్లం. మరో 16 మందికి కారణం సరైన అద్దం లేకపోవడం. కేవలం అద్దం లేక గుడ్డివాళ్లుగా లెక్కకెక్కిన మనుషులు వాళ్లు. అంతకు ముందే, 1994లో, ప్రపంచ బ్యాంకు సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో శుక్లాల పథకం మొదలైంది. లెన్సు లేకుండా లావాటి సోడాబుడ్డి కళ్లద్దాలతో ఇంటికి పంపే రోజులు పోయి, కంట్లోనే లెన్సు పెట్టడం మామూలైంది. ఆ తర్వాత తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు పేరుతో ఊరూరా పరీక్షలు జరిగాయి, కళ్లజోళ్లు పంచారు. పెట్టెలోంచి తీసి ఇచ్చే చత్వారం అద్దాల్లో సిలిండర్ ఉండదు. సిలిండర్ ఉన్న అద్దాన్ని ఆ మనిషి కంటికే, ఆ డిగ్రీకే చేయించాలి. టోరిక్ పెట్టించుకోలేని పెద్దావిడకు ఆపరేషన్ అయిన నెల పదిహేను రోజులకు సరిగ్గా పరీక్ష చేసి సిలిండర్ అద్దం ఇస్తే, ఖరీదైన లెన్సు పెట్టినవాళ్లతో సమానంగా ఆమె కూడా బస్సు బోర్డు చదువుతుంది. ఆ చివరి పరీక్షకు రాకపోవడం, రమ్మని గట్టిగా చెప్పకపోవడం, ఈ రెండింటి వల్లే బాగా జరిగిన ఆపరేషన్లు చాలా సగం చూపు దగ్గర ఆగిపోతున్నాయి.

ఇంట్లో పెద్దవాళ్లకు శుక్లం ఆపరేషన్ తేదీ కుదిరితే డాక్టరును కొన్ని మాటలు అడగండి. కార్నియాలో సిలిండర్ ఎంత ఉంది, ఎన్ని డిగ్రీల దగ్గర ఉంది? రెండుసార్లు కొలిస్తే అంకెలు కలిశాయా? కోత ఎటు వైపు పెడతారు? టోరిక్ అవసరమా, ఎందుకు? కుదరకపోతే చివరి కళ్లజోడు పరీక్షకు ఎప్పుడు రావాలి? ఇవి అడిగినందుకు మంచి డాక్టరు ఎవరూ కోప్పడరు. ఆపరేషన్ అయ్యాక లెన్సు పెట్టెలో ఉండే చిన్న స్టిక్కరు అంటించిన కార్డు ఇస్తారు. దాని మీద లెన్సు పేరు, పవరు, టోరిక్ అయితే దాని సిలిండర్ పవరు ఉంటాయి. దాన్నీ, కార్నియా కొలతల కాగితాన్నీ అడిగి తీసుకుని ఆధార్ కార్డుతో పాటే దాచండి. రెండో కంటికి ఆపరేషన్ చేసే డాక్టరు ముందుగా అడిగేవి ఆ రెండు కాగితాలే.